కార్డు లేని గురువారం

బియ్యం డబ్బా బోర్లించి ఉంది. చాప మీద పడ్డ కుప్పలో మోచేతుల దాకా చేతులు పెట్టి యాకమ్మ ఇంకా వెతుకుతూనే ఉంది.

వాకిట్లో జడ వేసుకుంటున్న కోడలు కళ్యాణి చూసి చూసి అంది. "ఆధార్ కార్డు బియ్యంల ఎందుకుంటదత్తమ్మా? ఎవరన్న నాటుపెట్టిన్రా?"

"దాసెటోళ్లు యాడనన్న దాస్తరు."

జడ మీద చేతులు ఆగిపోయాయి.

"ఎవరు దాసిన్రో పేరు పెట్టి అను."

యాకమ్మ అనలేదు. పేరు పెట్టి అనాల్సినవాడు బయట ఆటో తుడుస్తున్నాడు. నరేశ్ ఆమె చిన్న కొడుకు. సోమవారం నాడు అన్నం ముందు కూర్చొని, "ఆ కార్డు ఇరిసి పొయ్యిల పెడితేగాని నీ తిరుగుడు బంద్ కాదవ్వా" అన్నాడు. బుధవారం సాయంత్రం సంచి సర్దుకుంటుంటే కార్డు లేదు. ఇక దాచిందెవరో వేరే చెప్పాలా?

"నేనే అతికించిన దాని కవరు మీద నా ఫోను నంబరు," కళ్యాణి గొంతు పెంచింది. "యాడన్న పడిపోతే దొరికినోళ్లు చెప్తరని. దాసెటోళ్లు నంబరు రాస్తరా?"

"నిన్ను అంటలేను పిల్లా."

"మరి ఈ ఇంట్ల ఇంకెవరున్నరు?"

ఊరి చివర హారన్ వినిపించింది. ఏడున్నర బస్సు. యాకమ్మ చేతులు బియ్యంలో అట్లాగే ఉండిపోయాయి. ప్రతి గురువారం ఈ వేళకు ఆమె ఆ బస్సులో కిటికీ పక్కన ఉంటుంది. హన్మకొండలో దిగి, భూపాలపల్లి బస్సెక్కి, పదకొండుకల్లా చేరుతుంది. అక్కడ బస్టాండులో సిమెంటు బల్ల మీద ఆమె భర్త పరశురాములు తొమ్మిది నుంచే కూర్చొని ఉంటాడు. ఈ చలికాలం ఆమె కొనిచ్చిన ఎర్ర మంకీ టోపీ ఎండలో కూడా తీయడు. చూపు మందగించింది కాబట్టి ఆయనకు ఆమె కనబడదు. ఆమెకు మాత్రం బస్సు గేటులో తిరుగుతుండగానే ఆ ఎర్ర టోపీ కనబడుతుంది.

హారన్ ఇంకొకసారి మోగింది. బస్సు జఫర్‌గఢ్ దాటి పోయింది.

* * *

నాలుగేండ్ల కింద పెద్దమనుషులు ఈ వాకిట్లోనే కుర్చీలు వేసుకొని కూర్చున్నారు. భూపాలపల్లిలో కాంట్రాక్టు పని చేసే పెద్ద కొడుకు యాదగిరి, ఇద్దరిని సాకుడు నాతోని కాదన్నాడు. నరేశ్ కూడా అదే మాట అన్నాడు. ఎడ్లను పంచినట్టు పంచారు. బాపు పెద్దోనికి, అవ్వ చిన్నోనికి.

అప్పుడు పరశురాములు ఒక్కటే అడిగాడు. "రెండిండ్లకు నడుమ ఎంత దూరముంటది?"

చాయ్ వచ్చింది, తాగారు, లేచారు.

మొదటి రెండేండ్లలో ఆమె ఆయనను రెండే సార్లు చూసింది. ఒకసారి ఒకరి పెండ్లిలో, ఒకసారి ఒకరి చావులో. ఆ తరువాత ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు బస్సులో టికెట్ లేదన్నారు. కండక్టరు సున్నా కొట్టిన చీటీ చేతిలో పెట్టిన మొదటి రోజు యాకమ్మ దాన్ని మడిచి రవికెలో పెట్టుకుంది. ఆనాటి నుంచి ఒక్క గురువారం తప్పలేదు. గురువారమే ఎందుకంటే ఆ రోజు పెద్ద కోడలు యశోద సాయిబాబా గుడికి పోతుంది. బస్టాండు నుంచి ఇద్దరూ నడిచి వచ్చేసరికి, రెండు గంటలు ఇల్లు ఖాళీ. ఆయన గోళ్లు తీసి, సర్వపిండి ముక్కలు చాయ్‌లో నానబెట్టి తినిపించి, పక్కన ఊరికే కూర్చోవడానికి ఆ రెండు గంటలు సరిపోయేవి.

* * *

నరేశ్ తడి గుడ్డ భుజాన వేసుకొని లోపలికి వచ్చాడు. బియ్యం చూశాడు.

"దొరికిందా?"

"నువ్వు దాస్తే నాకెట్ల దొరుకుతది?"

"నేను దాయలే అవ్వా. నా ఆటో మీద ఒట్టు."

"ఆటో మీద ఎందుకు బిడ్డా? నా మీద పెట్టు."

నరేశ్ పెట్టలేదు. తడి గుడ్డ తీసి ద్వారబంధానికి వేలాడదీశాడు. "నీ మీద పెట్టినంక నీకు జరమొచ్చినా నన్నే అంటరు," అన్నాడు.

"దాయకుంటె భయమెందుకు?"

"భయం కాదు. ఇగ చాతనైతలేదు." అతను గడప మీద కూలబడ్డాడు. "నీకు తెలుస్తలేదవ్వా. మా అడ్డా మీద పదకొండు ఆటోలుండె. ఇప్పుడు నాలుగున్నయి. పొద్దంత కూసుంటె ఒక్క గిరాకి రాదు. అసుంటప్పుడు నా అవ్వ వచ్చి నా ఆటో ముంగటనే బస్సు కోసం నిలవడుతది. 'ఇంటి గిరాకినే నిలుపుకోలేనోడు' అంటున్నరు నన్ను."

"నీ ఆటో భూపాలపల్లి దాక పోతదా?"

"పోదు."

"మరి?"

"మరి పోకు. ఆర్నెల్లకోసారి నేనే తీస్కపోత."

"ఆర్నెల్లకు ఆయన ఉండాలె, నేను ఉండాలె."

నరేశ్ గోడ వైపు చూశాడు. కళ్యాణి జడకు రబ్బరు చుట్టి, బియ్యం పక్కన కూర్చొని దోసిళ్లతో డబ్బాలో పోయసాగింది.

"నేను చెప్తే చెడ్డదాన్నయిత," అంది ఆమె తల ఎత్తకుండా. "హన్మకొండల బట్టల దుకాణంల పొద్దంత నిలవడాలె నేను. పోయేటప్పుడు బస్సుల నిలవడాలె, వచ్చేటప్పుడు నిలవడాలె. సీట్లల్ల ఎవరున్నరు? అందరు ముసలోళ్లే. ఒకామె గుడికంటది, ఒకామె బిడ్డ తానికంటది, ఒకామె ఊకెనే. కొలువుకు పోయేటోళ్లకు ఇయ్యాలె ఫ్రీ. ఊకె తిరిగేటోళ్లకు ఎందుకు?"

"నేను ఊకె తిరుగుతున్ననా?"

దోసిలి డబ్బా అంచున ఆగింది.

"నిన్ను అనలేదత్తమ్మా."

"నేను నిన్ను అనలే, నువ్వు నన్ను అనలే. మాటలు ఎవరికి తాకుతున్నయి మరి?"

కళ్యాణి బియ్యంలో ఒక రాయి దొరికితే ఏరి బయటికి విసిరింది.

ఆటో హారన్ రెండుసార్లు మోగింది. నరేశ్‌తో పాటు అడ్డా మీద ఉండే జగన్ వాకిట్లోకి వచ్చాడు. ఆ రోజు జనగామలో ఆటోలవాళ్ల ధర్నా ఉంది.

"ఏం పెద్దవ్వా, ఇయ్యాల టూరు బందా?"

"కార్డు పోయింది కొడుకా."

"పోతే పోనీ. ఎట్లాగు అరవై దాటినోళ్లకు బంద్ చేస్తరట. వాట్సాప్‌ల వచ్చింది."

"వాట్సాప్‌ల పోయిన నెల నువ్వు సచ్చిపోయినవని గూడ వచ్చింది," అన్నాడు నరేశ్.

జగన్ నవ్వాడు. యాకమ్మకు నవ్వు రాలేదు. "ఎవరు చెప్పిన్రు? ఎప్పటి నుంచి బందట?"

"ఉత్తదే అవ్వా, వాని మాట పట్టుకోకు."

"ఉత్తదైనా ఒక లెక్కకు నిజమే గద పెద్దవ్వా," అన్నాడు జగన్. "పడుసోళ్లంటె కొలువులకు పోతరు. ముసలోళ్లకు ఏం అర్జెంటుంటది?"

"మాకే అర్జెంటు కొడుకా. మీరు ఇయ్యాల కాకుంటె ఎల్లుండి పోతరు. మాకు ఎల్లుండి ఉన్నదో లేదో ఎవరికెరుక?"

జగన్ చెవి గోక్కున్నాడు.

"నన్నడిగితే ముసలి మొగోళ్లకు గూడ ఇయ్యాలె," యాకమ్మ ఆగలేదు. "మా ముసలాయనేం పాపం చేసిండు? ఆయనకు గూడ ఉంటె ఒక వారం నేను పోత, ఒక వారం ఆయన వస్తడు."

"మొగోళ్లకు గూడ ఇస్తె ఇగ మేము ఆటోలల్ల గడ్డేసుకొని పండాలె."

ఈసారి జగన్ ఒక్కడే నవ్వాడు. నరేశ్ నవ్వలేదని చూసి ఆపేశాడు. "నేను అడ్డా కాడుంట, జల్ది రా," అని వెళ్లిపోయాడు.

అప్పుడే కళ్యాణి ఫోను మోగింది. కొత్త నంబరు.

"హలో... ఎవరు?... ఆ, కళ్యాణినే... యాకమ్మ మా అత్తమ్మ." ఆమె మొహం విప్పారింది. ఫోను చేత్తో మూసి, "దొరికిందత్తమ్మా! కార్డు దొరికింది!" అంది. "రేగొండ కాడ చాయ్ హోటలాయన చేసిండు."

యాకమ్మ లేవబోయి మళ్లీ కూర్చుంది. "రేగొండలనా? భూపాలపల్లి తొవ్వల నేను అక్కడ దిగనే దిగ గద."

కళ్యాణి స్పీకరు పెట్టింది.

"నా పేరు యుగేందర్ అక్కా. పొద్దుగాల ఒక ముసలాయన వచ్చిండు. ఎర్ర మంకీ టోపీ పెట్టుకున్నడు. చాయ్ తాగి, జేబులు దేవులాడుకొని, పైసల్లేవు, ఈ కార్డు పెట్టుకో, పైసలిచ్చి తీస్కపోత అన్నడు. వద్దు తాతా, పో అన్న. ఇనలే. బల్ల మీద పెట్టి పోయిండు. ఇప్పుడు చూస్తే మీ నంబరున్నది."

యాకమ్మ చాప మీది నుంచి లేచింది.

"ఆయన ఏడికి పోతున్న అన్నడు?" నరేశ్ ఫోను దగ్గరికి వంగాడు.

"జఫర్‌గఢ్ ఎటు దిక్కు అని అడిగిండన్నా. నాకు నవ్వొచ్చింది. శానా దూరం తాతా, బస్సుల పో అన్న. బస్సుల నుంచే దిగొచ్చిండంట. కండక్టరుకు ఈ కార్డు చూపిస్తే, ఇది ఆడమనిషిది గద తాతా, నీకు టికెట్ పడుతది అన్నడంట. మా ఇంటామెదే, మా ఇద్దరికి ఒకటే కార్డు అన్నడంట ఈయన. రేషన్ కార్డు లెక్క అనుకున్నట్టుంది. బస్సుల అందరు నవ్విన్రంట. కండక్టరు, ఉండు తాతా నేనే కొడుత టికెట్ అన్నా ఉండలేదంట, దిగిపోయిండు."

"ఎంతసేపయింది పోయి?"

"గంట దాటిందన్నా. పరకాల దిక్కు రోడ్డు పట్టుకొని నడిచిండు."

యాకమ్మకు పోయిన గురువారం కళ్ల ముందు కదిలింది. గోళ్లు తీస్తుంటే తనే నోరు జారింది. మోకాళ్లు నొస్తున్నయి, చిన్నోడు గులుగుతున్నడు, వచ్చే వారం వస్తనో రానో అన్నది. ఆయన, "నువ్వు రాకుంటె నేనొస్త," అన్నాడు. "ఏదీ, ఆ కార్డు చూపియ్యి." తను నవ్వి చేతికిచ్చింది. ఆయన దాన్ని వేళ్లతో అంచుల వెంట తడిమాడు. "గిది ఉంటె ఎక్కనిస్తరా?" అంటే "ఎక్కనిస్తరు" అంది. అంతలో యశోద గుడి నుంచి వచ్చిన చెప్పుల చప్పుడైతే తను గబగబా సంచి తీసుకొని లేచింది. తిరుగు బస్సు కండక్టరు వారం వారం చూసే మనిషే, కార్డు అడగలేదు. హన్మకొండలో కలిసిన కళ్యాణి, ఆ గుంపులో తన కార్డే చూపి ఇద్దరికీ సున్నా చీటీలు తీసుకుంది. కార్డు సంచిలో ఉన్నదో లేదో ఎవరు చూశారు?

"నేనే ఇచ్చిన," అంది యాకమ్మ. "నా చేతులతోనే ఇచ్చిన. ఎక్కనిస్తరని నేనే చెప్పిన."

నరేశ్ అన్నకు ఫోను కలిపాడు.

"అన్నా, బాపు ఏడి?"

"అరుగు మీద ఎండకు కూసున్నడు," యాదగిరి గొంతు నిద్రమత్తులో ఉంది. "ఎందుకు?"

"లేచి చూసి చెప్పు."

చెప్పుల చప్పుడు. తలుపు తీసిన చప్పుడు. ఆ తరువాత ఏ చప్పుడూ లేదు.

"అన్నా?"

"పొద్దుగాల ఇక్కడనే ఉండె గదరా..." అన్నాడు యాదగిరి.

నరేశ్ ఫోను పెట్టేశాడు.

* * *

తొమ్మిదింటి బస్సు కిక్కిరిసి వచ్చింది. కండక్టరు ప్రసూన యాకమ్మను చూసి, "ఏందవ్వా, పొద్దుగాల బస్సు తప్పిందా? కార్డు తియ్యి," అంది.

"నా కార్డు రేగొండల ఉన్నది బిడ్డా."

"అక్కడుంటె నేనెట్ల కొట్టాలె? టికెట్ తీసుకోవాలె అవ్వా. రూల్ అంతే, ఏమనుకోకు."

యాకమ్మ కొంగు ముడి విప్పబోయింది. వెనుక మెట్టు మీద నుంచి ఒక చెయ్యి నోటు చాచింది.

"రెండు హన్మకొండ."

ప్రసూన తలెత్తింది. "నువ్వు ఆటో నరేశ్‌వి కాదా? సచ్చినా ఈ బస్సెక్క అన్నవు అడ్డా కాడ!"

బస్సులో ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు. అడ్డా మీద జగన్ ఆటో పక్కన నిలబడి, నోరు తెరిచి చూస్తున్నాడు. నరేశ్ ఎవరి వైపూ చూడలేదు. చీటీలు తీసుకొని ఒకటి తల్లి చేతిలో పెట్టాడు. రెండేండ్ల తరువాత సున్నా లేని టికెట్. యాకమ్మ దాన్ని ఏం చేయాలో తెలియనట్టు పట్టుకుంది.

కిటికీ పక్కన కూర్చున్న ముసలామె జరిగి చోటిచ్చింది. కళ్యాణి అత్త భుజం పట్టి ఆ సీటులో కూర్చోబెట్టి, తాను రాడ్డు పట్టుకొని నిలబడింది. హన్మకొండలో దిగాక దుకాణం వైపు నాలుగడుగులు వేసిన కళ్యాణి మళ్లీ వెనక్కి వచ్చింది. తన టిఫిన్ డబ్బా యాకమ్మ సంచిలో పెట్టింది.

"మామకు ఆకలైతుండొచ్చు," అంది. ఇంకేమీ అనకుండా వెళ్లిపోయింది.

భూపాలపల్లి బస్సులో నరేశ్ మళ్లీ రెండు టికెట్లు తీసుకున్నాడు. డ్రైవర్ వెనుక సీటులో తల్లిని కిటికీ వైపు కూర్చోబెట్టి పక్కన కూర్చున్నాడు. యుగేందర్ బండి మీద పరకాల దాకా వచ్చి చూస్తానన్నాడు. రెండుసార్లు ఫోను చేస్తే ఎత్తలేదు.

"బాపు ఆ నొప్పి కాలుతోని ఎంత దూరం నడుస్తడు?" అన్నాడు నరేశ్. అడుగుతున్నది తననో తల్లినో తెలియకుండా.

"నడుస్తడు. పంచిన నాడు గూడ నడిచే పోత అన్నడు. మీ అన్న ఆటో ఎక్కిచ్చిండు."

"నా ఆటోనే అది," అన్నాడు నరేశ్.

యాకమ్మ తల తిప్పలేదు. రోడ్డు పక్క ఆరబోసిన మిరపకాయలు, కాలువ గట్టు, గొర్ల మంద. నడిచే ప్రతి ముసలివాణ్ని చూస్తోంది. కర్ర ఉన్నవాణ్ని వదిలేస్తోంది. ఆయనకు కర్ర లేదు.

ఆత్మకూరు దాటాక ఫోను మోగింది. యుగేందర్.

"అన్నా, పరకాల దాక చూసిన, తాత యాడ కనవడలే. రోడ్డు మీద పల్లీలమ్మే ఆమె, ఒక ముసలాయన్ను ఎవరో బస్సెక్కిచ్చిన్రు అంటున్నది. ఏ బస్సో ఆమెకు తెల్వదంట. మీరైతె రాండ్రి. ఈయన పేరేందన్నా, స్టేషన్ల చెప్పుదమా?"

నరేశ్ పేరు చెప్తున్నాడు. ఇంటిపేరు, ఊరు, వయసు. వయసు దగ్గర తడబడి తల్లి వైపు చూశాడు.

యాకమ్మ కిటికీ చువ్వలు పట్టుకొని సగం లేచి ఉంది.

ఎదురుగా హన్మకొండ వైపు పోయే బస్సు దుమ్ము రేపుకుంటూ దాటింది. మూడో కిటికీలోనో నాలుగో కిటికీలోనో ఎరుపు. ఎర్ర టోపీ. మొహం అటు తిరిగి ఉంది.

"ఆపున్రి!" అని అరిచింది. "బిడ్డా, ఆపమను!"

డ్రైవర్ బ్రేకు వేశాడు. జనం ముందుకు తూలారు. కండక్టరు సీట్ల మధ్య నుంచి తోసుకుంటూ వచ్చాడు. "ఏందవ్వా, ఏమైంది?"

"అండ్ల... ఆ బస్సుల..."

"బాపేనా?" నరేశ్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "అవ్వా, మంచిగ చూసినవా? బాపేనా?"

"గట్టిగ చెప్పున్రి," అన్నాడు కండక్టరు. "దిగితే ఇటు మళ్ల గంట దాక బస్సు లేదు. మీ మనిషి అక్కడనే రోడ్డు మీద ఉంటే?"

యాకమ్మ వెనక్కి తిరిగి చూసింది. ఈ చలికి ఊరూరా ప్రతి ముసలివాడి నెత్తి మీద ఆ టోపీయే ఉంది. యాభై ఏండ్లు నడక చూసి, దగ్గు విని, మూల తిరగకముందే ఇది ఆయనే అనుకున్న మనిషి. ఈ చలికాలమంతా బస్సు కిటికీలోంచి టోపీని చూసే గుర్తుపట్టింది.

"అవ్వా," అన్నాడు నరేశ్. "నువ్వెట్ల చెప్తె అట్ల. ఆయనేనా, కాదా?"

బస్సంతా ఆమె వైపే చూస్తోంది. వెనుక ఆ బస్సు మలుపు దగ్గర చిన్నదవుతోంది. యాకమ్మ నోరు తెరిచింది. చంకలోని సంచి జారి కళ్యాణి పెట్టిన డబ్బా కింద పడింది. మూత ఊడి అన్నం మెట్ల దాకా చిందింది.